సీసం కేంద్రకాలు ఢీకొంటే ఎన్ని కణాలు పుడతాయి: నల్గొండలో కూర్చుని కొలిచే పద్ధతి, మెట్టు మెట్టుగా

ఎమ్మెస్సీ ప్రాజెక్టులు మొదలైన వారంలోనే ఒకమ్మాయి నన్ను అడిగింది. అచ్చంపేట వైపు పల్లి పండించే ఇంటి పిల్ల, నల్గొండలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. “సార్, కణాలను డిటెక్టరే లెక్కపెట్టి ఇస్తది గద. ఇంక మనం లెక్కపెట్టేది ఏముంటది?”

ఈ వ్యాసమంతా ఆ ప్రశ్నకు జవాబే. డిటెక్టర్ కణాలను లెక్కపెట్టదు. తన గుండా పోయినవాటిలో కొన్నింటి జాడలు చూపిస్తుంది. కొన్ని కణాలు జాడ లేకుండా పోతాయి. కొన్ని జాడలు మనకు కావలసిన కణాలవి కావు. అందుకే ఈ కొలతలో ప్రతి మెట్టు దగ్గరా మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఎంత పోయింది? అదనంగా ఎంత చేరింది? దేనితో భాగిస్తున్నాం? ఈ మూడింటికీ జవాబు కాగితం మీద పెట్టగలిగితే పని అయినట్టే.

మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో, పాలమూరు యూనివర్సిటీలోనో ఫిజిక్స్ చదువుతూ చేతిలో 8 జీబీ ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థిని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఈ ఢీలు జరిగే జెనీవాకు పోనక్కర్లేదు. అయితే ఒక సెమిస్టర్ ఓపిక కావాలి.

మొదటి మెట్టు: ఏం లెక్కిస్తున్నామో ముందు రాసుకోండి

జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనశాలలో కణాలను ఢీకొట్టే యంత్రం పేరు ఎల్‌హెచ్‌సీ. అందులో సీసం కేంద్రకాలను మొదటిసారి ఢీకొట్టింది 2010 నవంబరులో. శక్తి ఒక్కో న్యూక్లియాన్ (ప్రోటాన్ లేదా న్యూట్రాన్) జతకు 2.76 టీఈవీ, ఒక టీఈవీ అంటే లక్ష కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. ఈ సంఖ్య ఎక్కడిదో ఒకసారి చేత్తో కట్టి చూడండి. అప్పట్లో ఆ యంత్రం ప్రోటాన్‌ను 3.5 టీఈవీ వరకు తీసుకుపోయేది. సీసంలో 208 న్యూక్లియాన్లు ఉన్నా, విద్యుత్తు లాగేది 82 ప్రోటాన్లనే. 3.5ను 82తో గుణించి 208తో భాగిస్తే 1.38. అటునుంచి అంత, ఇటునుంచి అంత, కలిపితే 2.76.

మనం కొలవబోయేది, ఒక్కో ఈవెంటుకు, అంటే ఒక్కో ఢీకి, మధ్య భాగంలో పుట్టిన ప్రాథమిక విద్యుదావేశ కణాల సంఖ్య. ఈ వాక్యంలో ప్రతి మాటకూ నిర్వచనం ఉంది.

మధ్య భాగం అంటే సూడోరాపిడిటీ, అంటే ఈటా, సున్నాకు దగ్గరగా ఉన్న ప్రాంతం. కిరణంతో (ఢీకొట్టడానికి పంపే కేంద్రకాల ధారతో) కణం చేసే కోణం తీటా అయితే, అందులో సగానికి టాన్ విలువ తీసి, దాని సహజ లాగరిథమ్‌కు ముందు మైనస్ పెడితే ఈటా వస్తుంది. కిరణానికి నిట్టనిలువుగా, 90 డిగ్రీల్లో పోయే కణానికి ఈటా సున్నా. ఈటా 0.5 అంటే సుమారు 62 డిగ్రీలు, 0.8 అంటే 48 డిగ్రీలు. ఫలితాన్ని ఒక యూనిట్ ఈటాకు ఇన్ని అని చెప్పాలి. మైనస్ 0.8 నుంచి 0.8 దాకా లెక్కిస్తే 1.6తో భాగించాలి. ఇది మరిచిపోయే విద్యార్థి ఏటా ఒకరైనా ఉంటారు.

‘ప్రాథమిక’ అన్న మాట ఇంకా కీలకం. ఢీకొన్నచోట పుట్టినవీ, అక్కడ పుట్టి వెంటనే విడిపోయే కణాల పిల్లలూ లెక్కలోకి వస్తాయి. కొంత దూరం పోయాక విడిపోయే కణాల పిల్లలు రావు. ఎల్‌హెచ్‌సీలో ఈ ఢీలను చూసే ఆలిస్ ప్రయోగం గీసుకున్న గీత స్పష్టంగా ఉంటుంది: సగటు ఆయుష్షులో కాంతి ఒక సెంటీమీటరు దాటి పోగలిగితే అది దీర్ఘాయుష్షు కణం. కేయాన్ అనే కణాల్లో తటస్థమై తొందరగా విడిపోయే రకానికి ఆ దూరం 2.7 సెంటీమీటర్లు, లామ్డా అనే కణానికి 7.9. కాబట్టి వీటి నుంచి వచ్చిన పయాన్లు, ప్రోటాన్లు మన లెక్కలోకి రావు. తటస్థ పయాన్ క్షణంలో విడిపోతుంది, కనుక అది నేరుగా ఇచ్చే ఎలక్ట్రాన్ జత లెక్కలోకి వస్తుంది. అదే పయాన్ ఇచ్చిన ఫోటాన్ డిటెక్టర్ గోడలో తగిలి ఎలక్ట్రాన్ జతగా మారితే అది రాదు. ఈ పేరా మొత్తం మీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. తర్వాత వచ్చే తగాదాల్లో సగం ఇక్కడే తీరిపోతాయి.

రెండో మెట్టు: డేటా, సాఫ్ట్‌వేర్

సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్ 2014 నుంచి నడుస్తోంది. ఆలిస్ ప్రయోగం 2010లో తీసిన సీసం–సీసం డేటాలో కొంత భాగం అందులో ఉంది. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. చదవడానికి రూట్ అనే సాఫ్ట్‌వేర్, దానిపైన ఆలీఫిజిక్స్ కావాలి. ఫైళ్లు పెద్దవి. ముందు ఒక్కటి దించుకుని, దానిమీద మీ ప్రోగ్రాం మొదటినుంచి చివరిదాకా నడిచాకే మిగతావాటి జోలికి పోండి.

ఇన్‌స్టాలేషన్‌తోనే నెల గడిచిపోయేట్టు ఉంటే ఇంకో దారి ఉంది. పైథియా 8లో భార అయాన్ల కోసం ఆంగాన్టిర్ అనే భాగం ఉంది. దానితో ల్యాప్‌టాప్‌లోనే ఈవెంట్లు తయారుచేసి, మీరే ఒక బొమ్మ డిటెక్టర్ రాసుకుని పద్ధతంతా నేర్చుకోవచ్చు. నా మాట వింటే ఎలాగూ ఇది ముందు చేసి, తర్వాతే నిజం డేటాకు వెళ్లండి. బొమ్మ డిటెక్టర్‌లో అసలు జవాబు మీకు తెలుసు. నిజం డేటాలో ఎవరికీ తెలియదు.

ప్రచురితమైన పట్టికలు హెచ్‌ఈపీడేటా అనే భాండాగారంలో అంకెలతో సహా దొరుకుతాయి. మీ లెక్క పూర్తయ్యేదాకా వాటిని తెరవకండి. జవాబు ముందే చూసినవారి చేతులు తెలియకుండానే అటువైపు పోతాయి.

మూడో మెట్టు: ఈవెంట్లను ఏరుకోవడం

రికార్డైన ప్రతి ఈవెంటూ సీసం–సీసం ఢీ కాదు. పైపులో మిగిలిన గాలి అణువును కిరణం తగిలినా ట్రిగ్గర్, అంటే రికార్డు చేయమని చెప్పే గంట, మోగవచ్చు. ఢీకొన్న బిందువు, అంటే వర్టెక్స్, డిటెక్టర్ కేంద్రం నుంచి కిరణం వెంట అటూ ఇటూ 10 సెంటీమీటర్లలోపు ఉన్న ఈవెంట్లనే తీసుకోండి. అంతకన్నా దూరమైతే డిటెక్టర్ కణాలను ఏటవాలుగా చూస్తుంది, అంచులు తెగిపోతాయి.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. పరిశోధన విద్యార్థిగా ఉన్నప్పుడు నా సంఖ్య ఉండాల్సినదానికన్నా తక్కువ వచ్చింది. ఎఫిషియెన్సీ (కణాల్లో ఎన్నో వంతు దొరుకుతాయన్న లెక్క) సరిచూశాను, ట్రాక్ కట్లు, అంటే జాడలను ఏరే హద్దులు, మార్చాను, సిమ్యులేషన్ మళ్లీ నడిపించాను. ఏడు వారాలు పోయాయి. తీరా చూస్తే ట్రాకులను 10 సెంటీమీటర్ల కట్ దాటిన ఈవెంట్ల నుంచే లెక్కించాను, భాగించింది మాత్రం కట్‌కు ముందున్న ఈవెంట్ల సంఖ్యతో. ఆ తప్పును పట్టించే గుర్తు మొదటి రోజునుంచీ నా ముందే ఉంది: అన్ని సెంట్రాలిటీలలోనూ (ఎంత నేరుగా గుద్దుకున్నాయన్న వర్గాల్లో) ఒకే నిష్పత్తిలో తక్కువగా వచ్చింది. డిటెక్టర్ వల్ల వచ్చే లోపమైతే రద్దీ ఎక్కువున్న ఈవెంట్లలో ఒకలా, తక్కువున్న చోట ఇంకోలా ఉండేది. అన్నిచోట్లా సమానంగా తప్పితే హారాన్ని అనుమానించండి.

నాలుగో మెట్టు: ఎంత నేరుగా గుద్దుకున్నాయి?

ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

రెండు సీసం కేంద్రకాలు నేరుగా తలపడితే వేల కణాలు పుడతాయి, అంచులు రాసుకుంటే పదుల్లోనే. రెండు కేంద్రాల మధ్య దూరాన్ని ఇంపాక్ట్ పారామీటర్ అంటాం. దాన్ని నేరుగా చూసే సాధనం లేదు. నల్గొండ పక్కన పానగల్లు ఛాయాసోమేశ్వరాలయానికి పోయినవారికి ఈ పరిస్థితి కొత్త కాదు. లింగం మీద పడే నీడ కనిపిస్తుంది. అది ఎక్కడినుంచి వస్తుందో స్తంభాల అమరిక, వెలుతురు వచ్చే దిక్కు లెక్కగట్టి తేల్చుకోవాలి. ఇంపాక్ట్ పారామీటర్ కూడా మనకు నీడగానే అందుతుంది.

ఈ డేటా తీసినప్పుడు ఆ నీడ ఆలిస్‌లో వీజీరో అనే జంట సింటిలేటర్ (కణం తగిలితే మెరిసే) డిటెక్టర్ల మీద పడేది. ఒకటి ఈటా 2.8 నుంచి 5.1 దాకా, రెండోది మైనస్ 3.7 నుంచి మైనస్ 1.7 దాకా చూసేది. మనం కణాలను లెక్కించేది మధ్యలో, ఈవెంట్లను వర్గాలుగా విడగొట్టేది ఈ పక్కల్లో. రెండూ వేరుగా ఉండాలి. లెక్కించే చోటే వర్గీకరణ కూడా చేస్తే, అనుకోకుండా కణాలు ఎక్కువ పుట్టిన ఈవెంట్లను మనమే ఏరి ‘ఎక్కువ పుట్టాయి’ అన్నట్టు అవుతుంది.

వీజీరో సంకేతం పెద్దదాని నుంచి చిన్నదానికి ఈవెంట్లను వరసగా పెట్టండి. పైనుంచి 5 శాతం 0–5 వర్గం, తర్వాతి 5 శాతం 5–10 వర్గం, అట్లా. వినడానికి సులువే. చిక్కంతా ‘దేనిలో 5 శాతం’ అన్నదాంట్లో ఉంది. హారం కేంద్రకాల మధ్య జరిగిన హాడ్రానిక్ ఢీలన్నీ, అంటే న్యూక్లియాన్లు నిజంగా తగులుకున్నవన్నీ, కావాలి. రికార్డైనవి మాత్రమే తీసుకుంటే కుదరదు. అంచులు మాత్రమే రాసుకున్న ఢీల్లో కొన్ని ట్రిగ్గర్‌కు చిక్కవు. పైగా రెండు సీసం కేంద్రకాలు తగలకుండా పక్కపక్కనుంచి పోయినా, వాటి విద్యుత్ క్షేత్రాలే ఒకదాన్నొకటి చెదరగొడతాయి, ఆ ఈవెంట్లు కూడా ఇక్కడే వచ్చి కలుస్తాయి. అందుకే ఆలిస్ వాళ్లు 90 శాతం దగ్గర ఒక మేకు కొట్టి, అంతకన్నా పెద్ద సంకేతం ఇచ్చిన ఈవెంట్లనే నమ్మారు.

ఆ మేకు ఎక్కడ కొట్టాలో చెప్పేది గ్లాబర్ నమూనా, అంటే కేంద్రకాల ఢీని విడి న్యూక్లియాన్ల తగులుళ్లుగా లెక్కగట్టే పద్ధతి. దీన్ని పైథాన్‌లో మీరే రాయండి, రెడీమేడ్ వాడకండి. 100 లైన్లు కూడా పట్టదు.

ఒక్కో కేంద్రకంలో 208 న్యూక్లియాన్లను చల్లాలి. సాంద్రత వుడ్స్–శాక్సన్ రూపంలో, అంటే లోపల చదునుగా ఉండి అంచులో మెల్లగా తగ్గేట్టు ఉంటుంది: వ్యాసార్ధం 6.62 ఫెర్మీలు (మిల్లీమీటరులో లక్ష కోట్లో వంతు ఒక ఫెర్మీ), అంచు మందం 0.546. ఒక్కో న్యూక్లియాన్ కేంద్రం నుంచి ఎంత దూరమో ఎంచుకునేటప్పుడు సాంద్రతను ఆ దూరపు వర్గంతో గుణించాలి, ఎందుకంటే బయటి పొరలో చోటు ఎక్కువ. ఇది చేశారా లేదా అన్నది ఒక హిస్టోగ్రాంతో తేలిపోతుంది. శిఖరం 6 ఫెర్మీలకు కాస్త లోపల ఉంటే సరి, సున్నా దగ్గర గుట్టపడితే వర్గం మరిచారు. రెండు న్యూక్లియాన్లు 0.4 ఫెర్మీల కన్నా దగ్గరగా పడితే మళ్లీ చల్లండి.

తర్వాత ఇంపాక్ట్ పారామీటర్. 0 నుంచి 20 ఫెర్మీల దాకా, దూరానికి అనులోమంగా ఎంచుకోండి. సమానంగా ఎంచుకుంటే నేరుగా గుద్దుకునే ఢీలు నిజానికి ఉన్నవాటికన్నా చాలా ఎక్కువ వచ్చేస్తాయి. 2.76 టీఈవీ దగ్గర రెండు న్యూక్లియాన్ల ఇనెలాస్టిక్ క్రాస్ సెక్షన్ (కొత్త కణాలు పుట్టేలా తగిలే అవకాశాన్ని వైశాల్యంగా చెప్పే కొలత) 64 మిల్లీబార్న్లు, అంటే 6.4 చదరపు ఫెర్మీలు. దాన్ని వృత్తాల పై (3.14) విలువతో భాగించి వర్గమూలం తీస్తే 1.43 ఫెర్మీలు. కిరణానికి అడ్డంగా చూసినప్పుడు రెండు న్యూక్లియాన్ల మధ్య దూరం ఇంతకన్నా తక్కువైతే అవి తగిలినట్టు. కనీసం ఒక్కసారి తగిలిన న్యూక్లియాన్ల సంఖ్య ఎన్‌పార్ట్. మొత్తం తగులుళ్ల సంఖ్య ఎన్‌కాల్.

ప్రోగ్రాం సరిగా ఉందో లేదో తేల్చుకోవడానికి రెండు పరీక్షలు. మీరు విసిరిన 100 జతల్లో సుమారు 61 కనీసం ఒక్క తగులుడైనా ఇవ్వాలి. ఆ 61 శాతాన్ని 20 ఫెర్మీల వృత్తం వైశాల్యంతో గుణిస్తే సీసం–సీసం మొత్తం క్రాస్ సెక్షన్ 7.7 బార్న్ల దగ్గరికి వస్తుంది. ఇక పై 5 శాతం ఈవెంట్లలో సగటు ఎన్‌పార్ట్ 383 దగ్గర ఉండాలి. ఉండగలిగిన గరిష్ఠం 416. మా విద్యార్థులతో ఈ సంఖ్య తెర మీదికి వచ్చిన ప్రతిసారీ నాకు అదే సంతోషం. నల్గొండలో ఒక గదిలో పాచికలు వేసినట్టు చల్లిన చుక్కల నుంచి సీసం కేంద్రకం రూపం బయటపడుతుంది.

వీజీరో సంకేతానికి దీన్ని జోడించడానికి, కణాల మూలాల సంఖ్యను ఎన్‌పార్ట్‌లో 0.8 వంతు, ఎన్‌కాల్‌లో 0.2 వంతు కలిపి తీసుకుంటారు. ఒక్కో మూలం నెగటివ్ బైనామియల్ అనే గణాంక పంపిణీ ప్రకారం కణాలు ఇస్తుందని పెట్టి, కొలిచిన పంపిణీకి ఫిట్ చేస్తారు. ఫిట్ ఎక్కడిదాకా డేటాతో కలిసి నడుస్తుందో, ఎక్కడ విడిపోతుందో చూడండి. విడిపోయే చోటే మీ మేకు.

ఐదో మెట్టు: ట్రాకులు

లెక్కించడానికి రెండు దారులున్నాయి. ఈ డేటా తీసినప్పుడు ఢీకొన్న చోటుకు అతి దగ్గరలో 3.9, 7.6 సెంటీమీటర్ల వ్యాసార్ధాల్లో రెండు సిలికాన్ పిక్సెల్ పొరలుండేవి. లోపలి పొరలో ఒక చుక్క, బయటి పొరలో ఒక చుక్క, రెంటినీ కలిపే గీత వర్టెక్స్ వైపు చూస్తే దాన్ని ట్రాక్లెట్ అంటాం. చాలా తక్కువ మొమెంటం ఉన్న కణాలు కూడా దీనికి దొరుకుతాయి. ఆలిస్ ప్రచురించిన సంఖ్యలు ఈ దారిలో వచ్చినవే. రెండోది టీపీసీ అనే పెద్ద గ్యాస్ పీపాలో పూర్తి ట్రాక్ చూడడం. నేర్చుకునేవారికి నేను రెండోదే చెబుతాను, ప్రతి కణానికీ మొమెంటం కూడా తెలుస్తుంది కాబట్టి.

టీపీసీ లోపలి అంచు 85 సెంటీమీటర్లు, బయటి అంచు 250. అయస్కాంత క్షేత్రం 0.5 టెస్లా. కిరణానికి అడ్డంగా ఉండే మొమెంటాన్ని పీటీ అంటాం. 1 జీఈవీ (టీఈవీలో వెయ్యో వంతు) పీటీ ఉన్న కణం 6.7 మీటర్ల వ్యాసార్ధంతో వంగుతుంది, పీపా దాటేలోపు వంపు 5 సెంటీమీటర్లు. 0.1 జీఈవీ కణానికి వృత్తం వ్యాసమే 1.3 మీటర్లు, కనుక అది బయటి అంచుదాకా పోలేక మధ్యలోనే తిరిగి వస్తుంది. అందుకే సాధారణంగా 0.15 జీఈవీ పైనున్న ట్రాకులే తీసుకుంటాం. ఈ డేటాలో ఒక ట్రాక్ వదలగలిగిన గుర్తులు గరిష్ఠంగా 159. వాటిలో కనీసం 70 ఉన్నదాన్నే నమ్మండి.

ఆరో మెట్టు: పోయినవి ఎన్ని?

ఎఫిషియెన్సీ గురించి చెప్పేటప్పుడు ఆ అచ్చంపేట అమ్మాయి తనే పోలిక అందించింది. “పల్లి పీకినంక కాయ మట్టిల ఉండిపోతది గద సార్. మా నాయిన రెండు మూడు జాగలల్ల గజం గజం తవ్వి చూస్తడు, ఎంత పోయిందో లెక్క తెలుస్తది.” నేను అడిగాను: “ఒక్క జాగ తవ్వితే సరిపోదా అమ్మా?” “సరిపోదు సార్. తడి ఉన్నకాడ కాయ చెట్టుతోటి వస్తది. ఎండిన కాడ ఊడ తెగి లోపల్నే ఉంటది. ఒక్క కాడ చూసి చేనంత గట్లనే అనుకుంటే మోసపోతం.”

ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. ఎఫిషియెన్సీ ఒక్క సంఖ్య కాదు. పీటీతో మారుతుంది, ఈటాతో మారుతుంది, వర్టెక్స్ స్థానంతో మారుతుంది, ఈవెంట్ రద్దీతో కూడా కొంత మారుతుంది. ప్రతి గడినీ విడిగా చూసి, ప్రతి ట్రాక్‌నూ దాని గడి ఎఫిషియెన్సీతో భాగించాలి. చేనంతటికీ ఒకే సగటు వాడడం సరి కావాలంటే, సిమ్యులేషన్‌లోని పీటీ పంపిణీ డేటాతో అచ్చంగా సరిపోవాలి. అది సరిపోదు.

చేను తవ్వి చూడగలం, డిటెక్టర్‌ను తవ్వలేం. దానికి బదులు హైజింగ్ లాంటి, ఢీలను కంప్యూటర్లో తయారుచేసే జనరేటర్ ఇచ్చిన కణాలను, జియాంట్ అనే సాఫ్ట్‌వేర్‌లో కట్టిన డిటెక్టర్ నమూనా గుండా పంపి, ఎన్ని పంపితే ఎన్ని తిరిగి దొరికాయో చూస్తాం. సిమ్యులేషన్‌లో ట్రాక్‌కు పడిన గుర్తుల సంఖ్య, ఫిట్ నాణ్యత, వర్టెక్స్ పంపిణీ డేటాతో కలుస్తున్నాయో లేదో ముందు ఒకదానిమీద ఒకటి గీసి చూడండి. కలవకపోతే ఆ ఎఫిషియెన్సీ వేరే డిటెక్టర్‌ది, మీది కాదు.

ఏడో మెట్టు: అదనంగా చేరినవి

లామ్డాలు, కేయాన్లు విడిపోయి ఇచ్చిన కణాలు, గోడల్లో తగిలి పుట్టినవి మన ట్రాకుల్లో కలిసే ఉంటాయి. వీటిని గుర్తుపట్టే ఆనవాలు, ట్రాక్‌ను వెనక్కి పొడిగిస్తే వర్టెక్స్‌కు ఎంత దగ్గరగా వస్తుంది అన్నది. దీన్ని డీసీఏ అంటారు. ప్రాథమిక కణాల డీసీఏ సున్నా దగ్గర సన్నటి శిఖరంలా ఉంటుంది. విడిపోయిన కణాల పిల్లలది వెడల్పు తోకలా ఉంటుంది. గోడల్లో పుట్టినవి దాదాపు చదునుగా పరుచుకుంటాయి.

కట్ పెట్టి వదిలేస్తే సరిపోదు, తోకలోని వాటిలో కొన్ని శిఖరం కింద కూడా ఉంటాయి. మూడు ఆకారాలనూ సిమ్యులేషన్ నుంచి తీసుకుని, ఎత్తులను డేటాకు ఫిట్ చేయండి. ఆకారాలకు సిమ్యులేషన్‌ను నమ్మవచ్చు, ఎత్తులకు నమ్మకూడదు. హైజింగ్ స్ట్రేంజ్ కణాలను (లామ్డా, కేయాన్ లాంటివాటిని) నిజంకన్నా తక్కువగా ఇస్తుంది. దాని మాట అలాగే తీసుకుంటే తీసేయాల్సినంత తీసేయరు, మీ ఫలితం పైకి పోతుంది.

ఎనిమిదో మెట్టు: ఒకసారి చేత్తో కట్టి చూద్దాం

ఈ అంకెలు నేర్పడానికి నేను ఎంచుకున్నవి. మీ డేటాలో ఇవే రావు.

0–5 వర్గంలో 5,000 ఈవెంట్లు అనుకుందాం. ఈటా మైనస్ 0.5 నుంచి 0.5 దాకా, అంటే వెడల్పు సరిగ్గా 1. దొరికిన ట్రాకులు 62,00,000. ఈవెంటుకు 1,240. అందులో 5 శాతం ప్రాథమికం కానివి అని డీసీఏ ఫిట్ చెప్పింది, మిగిలింది 1,178. ఎఫిషియెన్సీ సగటున 0.80, కనుక 1,178ని 0.80తో భాగిస్తే 1,472.5. ఇది 0.15 జీఈవీ పైనున్న కణాల సంఖ్య మాత్రమే. పీటీ పంపిణీకి ఒక వక్రరేఖను ఫిట్ చేసి సున్నాదాకా పొడిగిస్తే, మొత్తంలో 8 శాతం ఆ గీతకు కింద ఉన్నాయని తేలింది. 0.92తో భాగిస్తే సుమారు 1,600.

1,240తో మొదలై 1,600 దగ్గర ఆగాం. చివరి సంఖ్యలో దాదాపు నాలుగో వంతు డిటెక్టర్ చెప్పనిది, మన తర్కం చెప్పింది. ఆ అమ్మాయి మొదటి ప్రశ్నకు అంకెల్లో జవాబు ఇదే.

నిజం డేటాకు పోయే ముందు ఇదే దారిని సిమ్యులేషన్ మీద నడిపించండి. ఈవెంట్లను రెండు సగాలు చేసి, ఒక సగం నుంచి దిద్దుబాట్లు తీసి, రెండో సగానికి వాటిని వాడండి. అసలు సంఖ్య తిరిగి రావాలి. రాకపోతే డేటా ముట్టుకోకండి. ఒకే సగాన్ని రెండు పనులకూ వాడితే అది ఎప్పుడూ సరిపోతుంది, ఏమీ నిరూపించదు.

తొమ్మిదో మెట్టు: అటూ ఇటూ ఎంత?

గణాంక దోషానికి మొత్తం ట్రాకుల వర్గమూలం తీయకండి. ఒకే ఢీలో పుట్టిన కణాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావు. ఈవెంట్ నుంచి ఈవెంట్‌కు సంఖ్య ఎంత చెదురుతుందో చూసి, దాన్ని ఈవెంట్ల సంఖ్య వర్గమూలంతో భాగించండి. పై ఉదాహరణలో ఈవెంటుకు 120 చెదురు ఉంటే దోషం 1.7 వస్తుంది. ట్రాకుల వర్గమూలం దారిలో పోతే 0.5 అని చెప్పి మూడు రెట్లకు పైగా తక్కువ చూపించేవారం.

అయినా ఈ 1.7 చిన్నదే. అసలు అనిశ్చితి పద్ధతిలో ఉంటుంది. గుర్తుల కట్‌ను 70 నుంచి 60కి, 80కి మార్చి మొత్తం లెక్క మళ్లీ చేయండి. స్ట్రేంజ్ కణాల ఎత్తును, పీటీ పొడిగింపుకు వాడిన వక్రరేఖను, 90 శాతం మేకును కొంచెం కదిపి చూడండి. ప్రతి మార్పుకూ ఫలితం ఎంత కదిలిందో పట్టిక వేయండి. ఒకదానితో ఒకటి సంబంధం లేనివాటిని వర్గాలు కూడి, వర్గమూలం తీసి కలపండి. ఈ పట్టిక లేని ఫలితాన్ని ప్రాజెక్టు రిపోర్టులో నేను ఒప్పుకోను. అది కఠినత్వం అనుకుంటారు పిల్లలు. సంఖ్యకు విలువ తెచ్చేది అదే.

పదో మెట్టు: ఇప్పుడు పట్టిక తెరవండి

2.76 టీఈవీ దగ్గర ఆలిస్ విలువలు కొన్ని: 0–5 వర్గానికి 1,601, అటూ ఇటూ 60. 20–30కి 649, అటూ ఇటూ 23. 50–60కి 149, అటూ ఇటూ 6. 70–80కి 35, అటూ ఇటూ 2. ప్రతిదాన్నీ ఎన్‌పార్ట్‌లో సగంతో భాగించండి. మొదటిదానికి ఎన్‌పార్ట్ 382.8, జవాబు 8.4. చివరిదానికి 15.8, జవాబు 4.4. అంటే పాల్గొన్న న్యూక్లియాన్ల సంఖ్య పెరిగినకొద్దీ ఒక్కో జత ఇచ్చే కణాలు కూడా పెరుగుతున్నాయి. భార అయాన్ల ఢీ అంటే ప్రోటాన్ ఢీలను పక్కపక్కన పేర్చినది కాదని ఈ రెండంకెలే చెబుతాయి. అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో రిక్ అనే యంత్రంలో 0.2 టీఈవీ దగ్గర బంగారం–బంగారం ఢీలతో పోలిస్తే, నేరుగా గుద్దుకున్నప్పుడు జతకు సుమారు 2.2 రెట్లు ఎక్కువ. 2015లో 5.02 టీఈవీ దగ్గర 0–5 వర్గం సంఖ్య 1,943కి చేరింది.

ఏ కణాలు ఎన్ని అని విడగొట్టడం వేరే ప్రాజెక్టు. టీపీసీ గ్యాస్‌లో పోగొట్టుకున్న శక్తి, 3.7 మీటర్ల దూరంలోని టైమ్ ఆఫ్ ఫ్లైట్ గోడకు చేరిన సమయం కలిపి చూస్తే పయాన్, కేయాన్, ప్రోటాన్ విడిపోతాయి. విద్యుదావేశం లేని ఫోటాన్లను ముందు దిశలో లెక్కించిన డిటెక్టర్‌ను ఆలిస్‌కు కట్టి ఇచ్చినవాళ్లలో కలకత్తా వీఈసీసీ (వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్) శాస్త్రవేత్తలు ముందున్నారన్నది మన పిల్లలకు తెలియాలి.

ఆ అమ్మాయి పట్టిక తెరిచిన రోజు మొదటి వరస చక్కగా కలిసింది. 0–5లో తేడా అనిశ్చితిలోపే. కిందికి పోయినకొద్దీ చెదిరిపోయింది. 70–80 వర్గంలో 35 రావాల్సిన చోట 62 వచ్చింది. నా పాత తప్పులా అన్నిచోట్లా ఒకే నిష్పత్తి కాదిది, పైన దాదాపు సున్నా, కింద దాదాపు రెట్టింపు. తను సాయంత్రం దాకా ఆ రెండు నిలువు వరసలను చూస్తూ కూర్చుంది. తర్వాత వచ్చి అన్నది: “సార్, నేను రికార్డైన ఈవెంట్లనే నూరు శాతం అనుకున్న. అవి తొంభైయే గద.” తన 70–80 వర్గం అసలు 63–72 అన్నమాట. 0–5 మాత్రం 0–4.5 అయింది, అక్కడ అది కనబడేంత తేడా కాదు. హారం మార్చి మళ్లీ వరస పెట్టింది. ఆఖరి వరసలో 36 వచ్చింది, అటూ ఇటూ 3. నోట్‌బుక్‌లో 62ను కొట్టేయకుండా పక్కన తేదీ వేసి, దాని కింద 36 రాసుకుంది.